ఇల్లు కట్టేముందు 12 వేలిచ్చి ఎస్టిమేట్ వేయించుకున్నాం, ఎలా ఉందంటే

నరసరావుపేట దగ్గర మా ఊళ్ళో అమ్మానాన్నలకి ఇల్లు కట్టించాం, గ్రౌండ్ ఫ్లోర్ ఒక్కటే, స్లాబు 1,050 చదరపు అడుగులు. ముందు ఒక కాంట్రాక్టర్ వచ్చి స్థలం చుట్టూ ఓ రౌండ్ వేసి, అడుగు 1,750 సార్, మెటీరియల్‌తో సహా, మీరు తాళం తీసుకుని పాలు పొంగించుకోవడమే అన్నాడు. అంటే 18 లక్షల 37 వేల చిల్లర. నాన్న అయితే అడ్వాన్స్ ఇచ్చేద్దాం అన్నారు, నేనే ఆగమన్నా.

మా బావగారు చెప్తే, ఏ పనికి ఎంత ఖర్చవుతుందో లెక్క వేసి ఎస్టిమేట్ ఇచ్చే ఒక పెద్దాయన దగ్గరికెళ్ళా. గవర్నమెంట్‌లో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు, ఇంటి వరండాలోనే టేబులు, కంప్యూటరు. ఫీజు 12 వేలు అనగానే, బ్యాంకు లోన్ కోసం రెండు మూడు వేలకే కాగితం ఇస్తారు కదండీ అన్నా. "అది బ్యాంకు వాళ్ళకి బాబూ, నేను వేసేది నీకు" అన్నారు.

ఆయన సైట్‌కొచ్చి మొదట చేసిన పని ప్లాన్ చూడటం కాదు, కూలీని పెట్టి ఒక గుంట తీయించడం. మాది నల్లరేగడి, నాలుగడుగులు పోయినా ఇంకా నల్లగానే ఉంది, ఆరున్నర అడుగులకి గానీ గట్టి నేల తగల్లేదు. కాంట్రాక్టర్ లెక్కలో పునాది నాలుగడుగులేనట, ఆపైన ఎంత లోతుకెళ్తే అంత ఎక్స్‌ట్రా. తర్వాత ఫోన్ చేసి ఒక్కొక్కటే అడిగితే సంపు, సెప్టిక్ ట్యాంకు, ప్రహరీ, బేస్‌మెంట్ ఫిల్లింగ్ (నేల ఎత్తు చేయడానికి గ్రావెల్ నింపడం) కూడా అందులో లేవు. అడిగేదాకా చెప్పలేదంతే, నేను మోసం అనను గానీ.

11 రోజులకి ఎస్టిమేట్ ఇచ్చారు, వారం అని చెప్పి. మొత్తం 24 లక్షల 60 వేలు. గుండె జారిపోయింది నిజంగా. కానీ చదువుతుంటే ఒక్కో లైను ఎక్కడిదో తెలుస్తోంది. 9 అంగుళాల గోడ వేరే, నాలుగున్నర వేరే, తలుపులు కిటికీల ఖాళీ తీసేసి మరీ ఇటుక లెక్క. 5 అంగుళాల స్లాబుకి, బీములు కాకుండా, 100 బస్తాల సిమెంటు అని రాశారు, మేస్త్రీ మాత్రం 120 తెప్పించండి సార్ అన్నాడు, మేం 105 తెప్పిస్తే మూడు మిగిలాయి. ఇసుక ఫ్రీ కదా అని నేను సున్నా వేసుకుని కూర్చున్నా, ఆయన లోడింగూ ట్రాక్టర్ కిరాయీ రాశారు, చూస్తే అదే పెద్ద ఖర్చు.

నాకు బాగా నచ్చింది ఇనుము సంగతి. రాడ్డు ఎన్ని ఎంఎం అయితే దాన్ని దాంతోనే గుణించి 162తో భాగిస్తే మీటరు బరువు కేజీల్లో వస్తుంది అని కాగితం వెనక రాసిచ్చారు. 12 ఎంఎం, 12 మీటర్ల రాడ్డు దాదాపు 10.67 కేజీలు. 80 రాడ్లు దిగాక కాటా చీటీ చూస్తే 848, లెక్క ప్రకారం 853, ఆ మాత్రం తేడా ఉంటుందట. షాపు కుర్రాడు "సార్ మీరు ఇంజనీరా" అన్నాడు, అవునన్నా 😀

ఇక తేడా కొట్టినవి. బేస్‌మెంట్ నింపడానికి గ్రావెల్ 28 ట్రాక్టర్లు అన్నారు, నీళ్ళు పెట్టి తొక్కిస్తే 31 పట్టాయి, అది పర్లేదు. కరెంటు పని మాత్రం పాత పద్ధతిలో మొత్తం మీద ఇంత శాతం అని ఒకే లైను వేసేశారు, రెండు ఏసీ పాయింట్లు, ఇన్వర్టర్ లైను, మోటారు అన్నీ కలిపి ఆయన వేసినదాని కన్నా 60 వేలు ఎక్కువ పడింది. అంతా ఇంగ్లీషులో ఉంది, నాన్నకి నేనే చదివి చెప్పాల్సొచ్చింది. ఫోన్ కూడా సాయంత్రం ఆరు దాటితే ఎత్తరు.

చివరికి 25 లక్షల 30 వేలయింది. మధ్యలో 2025 సెప్టెంబర్ 22 నుంచి సిమెంటు మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది, స్లాబు ఆ తర్వాతే వేశాం కాబట్టి కొంత కలిసొచ్చింది, లేకపోతే ఇంకాస్త పైకి పోయేది. అయినా 18 లక్షలే చేతిలో పెట్టుకుని మొదలెట్టి ఉంటే గోడల దగ్గర ఆగిపోయేవాళ్ళం, మా వీధిలో అలా ఆగిన ఇల్లు ఒకటుంది, పిల్లర్ల ఊచలు తుప్పుపట్టి.

ఐదుకి నాలుగు ఇస్తా. పైన ఇంకో ఫ్లోర్ వేస్తే మళ్ళీ ఆయన దగ్గరికే, కాకపోతే ఈసారి కరెంటు పాయింట్లు నేనే లెక్కపెట్టి ఇస్తా.