మా ఊరి కూరగాయల ఆటో: రెండేళ్లు కొన్నాక నా అభిప్రాయం

మంగళవారం, శనివారం ఉదయం ఎనిమిదిన్నర ప్రాంతంలో మా ఊరి రామమందిరం ముందు ఆగే కూరగాయల ట్రాలీ ఆటో గురించి రాస్తున్నాను. దీనికి పేరు గానీ, బోర్డు గానీ లేవు. బండి నడిపే అతను, కాటా చూసే అతని భార్య, ఇరవై దాకా ప్లాస్టిక్ ట్రేలు, పైన ఒక టార్పాలిన్, ముందు ఒక మైకు, అంతటితో దుకాణం పూర్తయింది. విశాఖపట్నం జిల్లా పద్మనాభం మండలంలోని మా చిన్న ఊళ్లో రెండేళ్లుగా నేను క్రమం తప్పకుండా కొంటున్నది ఇక్కడే కాబట్టి, మంచిచెడ్డలు రెండూ చెప్పగలిగినంత అనుభవం నాకు ఉన్నదనే అనుకుంటున్నాను.

అంతకుముందు ఇరవై ఆరేళ్లు విశాఖ నగరంలోని సీతమ్మధారలో ఉన్నాము. రైతుబజారు మా ఇంటికి నడక దూరం. 1999లో ఉమ్మడి రాష్ట్రంలో ఈ బజార్లు మొదలయ్యాక, దళారి లేకుండా రైతే స్వయంగా కూర్చుని అమ్మడం, టోకు ధరకు ఎక్కువగా, చిల్లర ధరకు తక్కువగా ఆ ఉదయం నిర్ణయించిన ధరను బోర్డు మీద రాయడం మాకు ఎంత అలవాటైపోయాయంటే, కూరగాయలు కొనడం కోసం ఒక పూట ప్రయాణం పెట్టుకోవలసి వస్తుందని నాకు ఎన్నడూ తోచలేదు. పదవీ విరమణ చేసి సొంతూరికి చేరిన మొదటి వారంలోనే ఆ సంగతి తెలిసివచ్చింది. బెండ, వంగ, బీర, ఆనప కళ్ల ఎదుటే కాస్తున్నాయి. ఊళ్లో మాత్రం డబ్బిచ్చి కొందామన్నా అరకిలో వంకాయలు దొరకలేదు. సాయంత్రం కోసిన కాయలు బస్తాలకు ఎక్కి, తెల్లవారుజామున మూడింటికల్లా వ్యానులో పట్నం దారి పడతాయి. మనం నిద్ర లేచేసరికి మిగిలేవి పుచ్చులు, ముదుర్లు, లేకపోతే చుట్టాల కోసం పక్కన పెట్టినవి.

అమెరికాలో ఇటువంటి సమస్య ఉన్న ప్రాంతాలకు ‘ఆహార ఎడారి’ అని ఒక పేరు పెట్టారు. అక్కడి వ్యవసాయ శాఖ లెక్క ప్రకారం, ఆదాయం తక్కువగా ఉన్న గ్రామీణ ప్రాంతంలో కనీసం 500 మంది గానీ, జనాభాలో మూడోవంతు గానీ సూపర్‌మార్కెట్‌కు 10 మైళ్లకు, అంటే సుమారు పదహారు కిలోమీటర్లకు మించిన దూరంలో నివసిస్తూ ఉంటే అది ఆహార ఎడారి. పట్టణాలకైతే ఆ దూరం 1 మైలు. ఆ కొలతతో చూస్తే మా ఊరికి ఈ పేరు వర్తించదు, ఎందుకంటే తగరపువలసలోని పెద్ద దుకాణాలు మాకు పదహారు కిలోమీటర్ల లోపలే ఉన్నాయి. కారు లేని కుటుంబాలను అమెరికా అధికారులు విడిగా కూడా లెక్కిస్తారు. మా వీధిలో అలా విడిగా లెక్కించడం మొదలుపెడితే దాదాపు అందరూ అందులోకే వస్తారు. ఇంటికి ఉన్నది ఒక మోటారు సైకిలు, అది ఉదయాన్నే పనికి వెళ్లే మనిషితో పాటే వెళ్లిపోతుంది. నగరంలో మధురవాడలో ఉండే మా అబ్బాయి ఫోను నొక్కితే పావుగంటలో కొత్తిమీర కట్ట గుమ్మంలోకి వస్తుంది. అదే ఫోను పండక్కి వచ్చినప్పుడు మా అరుగు మీద కూర్చుని తెరిస్తే, ఈ ప్రాంతానికి మా సేవ లేదని చెబుతుంది.

మా ఊళ్లో తిండికి లోటని నేను అనడం లేదు. 2013 నాటి ఆహార భద్రతా చట్టం కింద మనిషికి నెలకు 5 కిలోల బియ్యం డిపోలో వస్తున్నాయి, 2023 జనవరి నుంచి అవి పూర్తిగా ఉచితం. వీధిలోకి వచ్చే రేషన్ వాహనాలను ఆపి 2025 జూన్ 1 నుంచి మళ్లీ డిపోల్లోనే ఇస్తున్నారు. నెలలో 1 నుంచి 15వ తేదీ వరకు రెండు పూటలా తెరిచి ఉంటాయి, 65 ఏళ్లు దాటిన వారికి, దివ్యాంగులకు ఇంటికే చేర్చాలి. అన్నానికి ఇబ్బంది లేదు, ఇబ్బంది అంతా అన్నంలోకి ఏమిటన్న దగ్గరే. ఊళ్లో ఉన్న ఒక్క కిరాణా కొట్టులో ఉల్లిపాయలు, బంగాళాదుంపలు, కందిపప్పు దొరుకుతాయి, కాని వాటికన్నా ఎక్కువ జాగా చిప్స్ పొట్లాల దండలకు, రంగునీళ్ల సీసాలకు ఇచ్చారు. ఆ కొట్టతన్ని తప్పు పట్టలేను. పొట్లం నెల రోజులు వేలాడినా పాడు కాదు, తోటకూర మధ్యాహ్నానికే వాడిపోతుంది.

ఇటువంటి చోట వారానికి రెండుసార్లు పద్దెనిమిది రకాల కూరగాయలతో వచ్చి నిలబడడమే ఈ ఆటోకు నేను వేసే మొదటి మార్కు. దొండ, బీర, కాకర, గోరుచిక్కుడు, టమాటా, పచ్చిమిర్చి తప్పకుండా ఉంటాయి. క్యారెట్, బీట్‌రూట్ శనివారం మాత్రమే తెస్తాడు. సరుకు నాణ్యతలో వంక పెట్టడానికి లేదు, ఏరుకోనిస్తాడు. ధర మాత్రం పట్నం కన్నా ఎక్కువే. రైతుబజారు బోర్డు మీద కిలో 28 రూపాయలున్న బెండకాయ ఇతని దగ్గర 40 పలికిన రోజును నేను గుర్తు పెట్టుకున్నాను. డీజిలు, వాడిపోయి పారబోసేది, తెల్లవారుజామున లేచిన శ్రమ అన్నీ అందులో ఉన్నాయని తెలిసినా, మన పొలం గట్టున కాసిన కాయకు పన్నెండు రూపాయలు అదనంగా ఇవ్వడం మనసుకు అంత సులభం కాదు.

నాకు బాగా నచ్చినది కిలోల లెక్క కాదు, వాటాల లెక్క. బండి వెనుక తలుపు మీద నాలుగు వంకాయలు, రెండు టమాటాలు, గుప్పెడు మిర్చి కలిపి 20 రూపాయల వాటాలుగా పేరుస్తారు. తూకంతో పోలిస్తే వాటాకు ఎక్కువే పడుతుంది. అయినా ఉపాధి హామీ డబ్బులు ఎప్పుడు పడతాయో తెలియని ఇంట్లో, ఆ పూట చేతిలో ఉన్న 20 రూపాయలకు కూర ఖాయం చేసేది వాటాయే. అప్పు మాత్రం ఇవ్వడు. కిరాణా కొట్టులో ఖాతా నడుస్తుంది కాబట్టి, చేతిలో చిల్లర లేని రోజున బంగాళాదుంపలే వండుకునే ఇళ్లు ఉన్నాయి. ఇది బండి లోపం అనాలో, ఊరి లోపం అనాలో నాకు తేలలేదు.

ఇతను సరుకు కొనేది నగరంలోని జ్ఞానాపురం టోకు మార్కెట్లో. అంటే మా ఊరి కాయలు రాత్రి నలభై కిలోమీటర్లు వెళ్లి, పొద్దున్నే మరో నలభై కిలోమీటర్లు తిరిగి రావడానికి అవకాశం ఉన్నది. ఒక శనివారం మా వీధి చివరి ముసలమ్మ బెండకాయ విరిచి చూసి, “ఇవి మనూరివే కదేటి బాబూ, పట్నం చూసొచ్చాయా?” అని అడిగితే అందరూ నవ్వారు. నేను మాత్రం ఆ ప్రశ్న వదలలేక, ఇక్కడే రైతు దగ్గర ఎందుకు కొనవని అతన్ని అడిగాను. “మీ ఊళ్లో దొరికేవి రెండు రకాలండి మాస్టారూ. నాకు పద్దెనిమిది కావాలి. ఐదేసి కిలోల కోసం పొలం పొలానికి బండి ఆపితే ఎండెక్కిపోతుందండి,” అన్నాడు. రైతును అడిగితే అతని కారణం అతను చెప్పాడు: విత్తనాలకు, మందులకు పెట్టుబడి ఇచ్చిన వ్యాపారికే బస్తాలన్నీ చేర్చాలి, అందులోంచి ఐదు కిలోలు తగ్గితే మాట పడాలి. ఇద్దరిలో ఎవరి లెక్కా తప్పు కాదు, అందుకే కాయలు అన్ని కిలోమీటర్లు తిరుగుతున్నాయి.

లోపాలు కూడా చెప్పాలి. మైకు చప్పుడు భరించరానిది, అందులో రికార్డు చేసిన జాబితాకు, బండిలో ఉన్న సరుకుకు పొంతన ఉండదు. మొదటి నెలల్లో ట్రే బరువును సున్నా చేయకుండానే తూచేవారు. రెండుసార్లు చెప్పించుకున్నాక మానుకున్నారు, ఇప్పుడు అంకె మనవైపు తిప్పి చూపిస్తున్నారు. మా ఆవిడకు చక్కెర వ్యాధి ఉన్నందున వైద్యులు రోజూ ఆకుకూర తినమన్నారు, కాని మంగళవారం కొన్నది గురువారం దాటి నిలవదు కాబట్టి వారంలో రెండు మూడు రోజులు పెరటి మునగాకే గతి. 2025 అక్టోబరు చివర మొంథా తుపాను వానలకు వరుసగా రెండు వాయిదాలు బండి రాలేదు. ఆ పది రోజులు డిపో బియ్యం, గుమ్మడికాయ, ఎండు నెత్తళ్లు ఊరిని గట్టెక్కించాయి. శాకాహారులమైన మేము గుమ్మడికాయ ముఖం చూడడానికి తరువాత నెల పట్టింది.

2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు బస్సుల్లో ఆడవారికి ప్రయాణం ఉచితం చేశాక ఈ బండి మూతపడుతుందేమోనని అనుకున్నాను. నిజంగానే కొంత బేరం పోయింది, వారానికి ఒకసారి తగరపువలస వెళ్లి ఉల్లిపాయలు, దుంపలు, పప్పులు అక్కడే తెచ్చుకునేవారు పెరిగారు. అయితే కూలికి వెళ్లేవారికి, మోకాళ్ల నొప్పులవారికి, చంటిపిల్లల తల్లులకు టికెట్టు ఉచితమైనంత మాత్రాన ఆ పూట ఉచితం కాదు. ఆటో అతను తెలివైనవాడు. ఉల్లిపాయల బస్తాలు తగ్గించి, ఆ జాగాలో తడిగోనె కప్పిన ఆకుకూరల ట్రేలు పెంచాడు. కోడిగుడ్లు కూడా తెమ్మని మేము అడుగుతున్నాము. మా రోడ్డు గుంతల్లో అవి ఎన్ని మిగులుతాయన్నదే అతని సందేహం.

రెండు నెలలుగా మరొక మార్పు జరిగింది. పెట్టుబడి అప్పు లేని ఒక కౌలురైతు శనివారం ఉదయం పది కిలోల బెండకాయలు రామమందిరం దగ్గరకే తెచ్చి ఈ బండికి వేస్తున్నాడు. వాటిని కిలో 30కి అమ్ముతున్నారు, అరగంట కూడా ఆగడం లేదు. పొరుగూళ్ల నుంచి కొనడానికి వచ్చేవారికి ఒక మాట: ఆకుకూరలు, ఆ బెండకాయలు కావాలంటే తొమ్మిదిలోపే రావాలి, సంచి మీరే తెచ్చుకోవాలి. కవరు అడగనందుకు అతని భార్య నాలుగు పచ్చిమిరపకాయలు ఎక్కువ వేస్తుంది.