లైసెన్సుల కాలం, 1991 తర్వాతి కాలం

1951 నాటి పరిశ్రమల చట్టం కింద పెద్ద ఫ్యాక్టరీ పెట్టాలన్నా, ఉన్నదాన్ని విస్తరించాలన్నా ఢిల్లీ అనుమతి కావాల్సి వచ్చేది. ఎన్ని స్కూటర్లు తయారు చేయవచ్చో కూడా ప్రభుత్వమే తేల్చేది. దాని ఫలితం మన పెద్దవాళ్లకు బాగా గుర్తు. బజాజ్ చేతక్ కోసం ముందే డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూసేవారు. చేతికొచ్చిన బండిని లాభానికి అమ్ముకునేవాళ్లూ ఉండేవారు. కొనేవాళ్లున్నారు, చేయగలిగేవాళ్లున్నారు, మధ్యలో అడ్డం పడింది ఆ అనుమతి కాగితమే. ఫోన్ కనెక్షన్ కోసమూ అలాగే ఏళ్ల తరబడి ఎదురుచూసేవారు.

1991 జూలై 24న పి.వి. నరసింహారావు ప్రభుత్వం 18 పరిశ్రమలకు తప్ప మిగతావాటికి లైసెన్సు ఎత్తేసింది. పరిశ్రమల శాఖ అప్పుడు ఆయన దగ్గరే ఉంది. ఈరోజు షోరూముకు వెళ్లి, నచ్చిన బండి ఎంచుకుని, బేరమాడి తెచ్చుకుంటున్నాం. కంపెనీలే మన వెంట పడుతున్నాయి.

1991 తర్వాతి ఈ రెండో దారిలో ప్రభుత్వం అక్కర్లేదని కాదు. షేర్ మార్కెట్‌ను పర్యవేక్షించే సెబీకి చట్టబద్ధ అధికారాలు వచ్చింది 1992లో, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఏర్పడింది 1997లో. మోసాన్ని పట్టుకోవడం, కోర్టు తీర్పు త్వరగా వచ్చేలా చూడడం ప్రభుత్వం పనే. ఎవరు ఎంత తయారు చేయాలో చెప్పడం దాని పని కాదు.

నా దృష్టిలో రెండోదే న్యాయం. కానీ రైతుకు అది ఇంకా పూర్తిగా అందలేదు. 2023 జూలైలో బాస్మతేతర తెల్లబియ్యం ఎగుమతిని కేంద్రం ఆపేసింది, ఆ నిషేధాన్ని 2024 సెప్టెంబరులో గానీ ఎత్తేయలేదు. ధర పెరిగినప్పుడు అమ్ముకునే స్వేచ్ఛ వరి పండించేవాడికీ ఉండాలి.