పెద్దమ్మ సమాధికి కాజీపేట వెళ్లొచ్చాం: లాడ్జి మోసం, మఠం మర్యాద

నవంబరు 2న సమాధుల పండక్కి (చనిపోయినవాళ్ల కోసం కథోలికులు ప్రార్థించే రోజు) వరంగల్ వైపు వెళ్లేవాళ్లకు ముందుగా ఒక మాట. లాడ్జి రేటు ఫోన్‌లో మాట్లాడి ఊరుకోకండి, వాట్సాప్‌లో మెసేజ్ పెట్టించుకోండి. హన్మకొండలో ఒక లాడ్జివాళ్లు మాకు గది 1,200 అని చెప్పారు. తీరా అమ్మనూ బావనూ వెంటబెట్టుకుని రాత్రి తొమ్మిదింటికి చేరితే 2,000 అన్నారు. కార్తీకమాసం, వేయిస్తంభాల గుడికి, భద్రకాళి గుడికి జనం వస్తున్నారు, పెళ్లిళ్లు కూడా ఉన్నాయి, ఇష్టముంటే ఉండండి అని కౌంటర్‌లో కుర్రాడు తలెత్తకుండానే చెప్పాడు. డెబ్బై దాటిన అమ్మ మెట్ల మీద కూలబడి ఉంది. ఆ వేళప్పుడు ఇంకెక్కడికని వెళ్తాం? కట్టేశాం.

గదిలో దుప్పటి మార్చలేదు. గీజర్ పనిచేయలేదు. పొద్దున వేడినీళ్లు బకెట్‌కు 40 అడిగారు. అన్నిటికంటే నన్ను మండించింది బిల్లు. ఖాళీ చేసేటప్పుడు అడిగితే తెల్ల చీటీ మీద 1,200 అని రాసిచ్చారు! మేం కట్టింది 2,000 కదా అంటే, మిగతాది ‘సీజన్ చార్జీ’ అట, దానికి బిల్లు రాదట. బావ అరగంట వాదించాడు. పక్క గదుల వాళ్లు తొంగి చూశారు తప్ప ఒక్కరూ నోరు విప్పలేదు. ఆటోలో ఫాతిమానగర్ దాకా (150 రూపాయలు, ఇది మాత్రం న్యాయమైన రేటే) బావ ఎవరితోనూ మాట్లాడలేదు.

మాది ఖమ్మం వైపు పల్లె. వరంగల్ మేత్రాసనం (ఒక బిషప్ కింద ఉండే గుళ్ల ప్రాంతం) 1952లో ఏర్పడింది. మిలాన్‌కు చెందిన పీమే అనే మిషనరీ సభ నుంచి వచ్చిన అల్ఫోన్సో బెరెట్టా దానికి మొదటి బిషప్. 1988లో ఖమ్మం వేరే మేత్రాసనం అయ్యేదాకా మా గుళ్లన్నీ కాజీపేట ఫాతిమా కథెడ్రల్ (బిషప్ గుడి) కిందే ఉండేవి. ఆ రోజుల్లోనే పెద్దమ్మ సిస్టర్లలో చేరింది. ఆమె పోయినప్పుడు ఊరికి తీసుకురాకుండా మఠం వెనక ఆమె సభవాళ్ల (ఆమె చేరిన సిస్టర్ల సంఘం) సమాధుల తోటలోనే పెట్టారు. తాతయ్య పక్కన పెట్టనివ్వలేదని అమ్మకు ఆ బాధ ఇన్నేళ్లుగా ఉంది. అందుకే ఈసారి చౌరస్తాలో 350 పెట్టి, మోయలేనంత బంతిపూల దండ కొనిపించింది.

లోపలికి వెళ్లాక నేను కాసేపు అలాగే నిలబడిపోయాను. ఊళ్లో మన సమాధులు ఎలా ఉంటాయో తెలుసు కదా, ఉన్నవాళ్లకు గ్రానైట్, లేనివాళ్లకు మట్టిదిబ్బ. ఇక్కడ అన్నీ ఒకే కొలత, ఒకే రకం సిలువ, అన్నిటికీ కొత్తగా సున్నం వేశారు. వరుస కూడా చనిపోయిన క్రమంలోనే. మదర్‌గా సభను నడిపినావిడ పక్కన జీవితమంతా వంటింట్లో పనిచేసిన సిస్టర్ ఉంది. ప్రతి రాతి మీదా ఒక పేరు, మూడు తేదీలే: పుట్టింది, మాటపట్టు (సిస్టర్‌గా బతుకుతానని దేవుడి ముందు చేసే ప్రమాణం) తీసుకుంది, మరణించింది. ఇంటిపేరు లేదు, ఊరు లేదు. రెండో వాటికన్ మహాసభకు (1962–65లో ప్రపంచంలోని కథోలిక బిషప్పులంతా కూడిన సమావేశం) ముందు చాలా సభల్లో చేరినప్పుడు పేరే మార్చేవారు. అందుకని అమ్మ తన అక్క పేరు కోసం రెండు వరుసలు వెతికి కంగారుపడింది. చివరికి తేదీని బట్టి నేను పట్టుకున్నాను.

దండ తీయబోతుంటే, మాతో వచ్చిన ముసలి సిస్టర్ అమ్మ చెయ్యి పట్టుకుని, “అమ్మా, ఒక్కరికే వేయొద్దమ్మా, ఇక్కడ అందరూ మీ అక్కలే” అంది. అమ్మ ముఖం మాడిపోయింది. ఇంత దూరం వచ్చింది నా అక్క కోసం, ఊళ్లోవాళ్ల కోసం కాదు అని గట్టిగానే అనేసింది. సిస్టర్ కోప్పడలేదు. సమాధి గట్టు మీద కూర్చోబెట్టి, పెద్దమ్మ ఎలా పోయిందో చెప్పడం మొదలుపెట్టింది. ఆఖరి రాత్రి మఠంలో అందరూ మంచం చుట్టూ చేరి జపమాల చెప్పారట. సభ చీర కట్టి, మాటపట్టు రోజు ఇచ్చిన సిలువను చేతుల్లో పెట్టారట. గుడిలో పెట్టె తల దగ్గర పాస్కా కొవ్వొత్తి (ఈస్టర్‌కు వెలిగించే పెద్ద కొవ్వొత్తి) వెలిగించారట. ఫాదర్‌నైతే తల బలిపీఠం వైపు, ముఖం జనం వైపు ఉండేలా పెడతారట. సిస్టర్లను మనందరిలాగే ముఖం బలిపీఠానికి ఎదురుగా ఉండేలా పెడతారు. ఏటా ఆమె పోయిన తేదీన ప్రార్థనలో పేరు చదువుతామని కూడా చెప్పింది. “మీ ఊళ్లో పెట్టి ఉంటే మీ తర్వాత ఎవరు చదువుతారమ్మా?”

అమ్మ ఏమీ అనలేదు. దండను తనే తెంపి, ఒక్కో రాతి మీద రెండు రెండు పూలు పెట్టుకుంటూ పోయింది. బావ కూడా వంగి సాయం చేశాడు. లాడ్జి గొడవ అయ్యాక మనిషి మామూలైంది అప్పుడే.

సమాధులకు మంత్రించిన నీళ్లు చల్లి సాంబ్రాణి వేశాక ఫాదర్ ప్రసంగంలో చెప్పింది నాకు కొత్త. ఈ నవంబరు 2 అసలు మఠంలో పుట్టిన పండుగట. వెయ్యేళ్ల కిందట ఫ్రాన్సులోని క్లూనీ మఠం పెద్ద ఒడిలో తన మఠాలన్నిటిలో ఆ రోజున మృతుల కోసం ప్రార్థించమన్నాడు. తర్వాత అది కథోలిక సంఘమంతా పాకింది. ఆ రోజు ఫాదర్లు గుడిలో మూడు పూజలు చేసుకునే వీలును మొదటి ప్రపంచయుద్ధం నడుస్తుండగా 1915లో పోపు పదిహేనో బెనెడిక్టు ఇచ్చాడట. దహనం సంగతి బావ అడిగాడు. 1963 నుంచి కథోలికులకు దానికి అనుమతి ఉంది, కానీ అస్థికలను నీళ్లలో కలపకూడదు, ఇంట్లో ఉంచుకోకూడదు, పవిత్ర స్థలంలోనే పెట్టాలి అన్నారు. సంఘం ఇప్పటికీ కోరేది ఖననమే.

భోజనం మఠంలోనే: అన్నం, గోంగూర పప్పు, గుడ్డు కూర, పెరుగు. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. పెద్దమ్మ పేరున పూజ చెప్పించడానికి 500 ఇచ్చాం, దానికి మాత్రం రసీదు రాసిచ్చారు. లాడ్జివాళ్లు ఇవ్వలేని కాగితం.

వెళ్లేవాళ్లకు నా సలహా: మఠాల సమాధుల తోటలు కాంపౌండ్ లోపల ఉంటాయి, ముందే ఫోన్ చేసి అడగాలి. అడగకుండా సెల్ఫీలు తీయొద్దు. 2వ తేదీ రద్దీ అనుకుంటే నవంబరు 1 నుంచి 8 దాకా ఎప్పుడైనా వెళ్లొచ్చు, ఆ ఎనిమిది రోజులూ సమాధులను దర్శించి మృతుల కోసం ప్రార్థించడానికి సంఘం ప్రత్యేకంగా పెట్టినవే. దండ వద్దు, విడిపూలు కొనండి. ఇక లాడ్జి మీద బావ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాడు, 1,200 చీటీ, 2,000 ఫోన్‌పే ఫొటో రెండూ పంపాడు. వచ్చే ఏడాది ముందే చెబితే అమ్మకు మఠంలోని అతిథి గదిలో మంచం వేస్తామని సిస్టర్లు అన్నారు.