‘ది హీట్’: కేసు సామాన్యం, జంట అసామాన్యం

పారిపోతున్న చిల్లర డ్రగ్స్ వ్యాపారిని ఆపడానికి బోస్టన్ పోలీసు డిటెక్టివ్ షానన్ మల్లిన్స్ చేతికందిన పుచ్చకాయను ఎత్తి వాడి మీదికి విసిరేస్తుంది. అంతకు కాస్త ముందు మరో చోట, ఇస్త్రీ చెదరని సూటు వేసుకున్న ఎఫ్‌బీఐ అధికారిణి సారా ఆష్‌బర్న్ ఒక ఇంట్లో అడుగుపెట్టి, తోటి అధికారులకూ వాసన పసిగట్టే పోలీసు కుక్కకూ దొరకని సరుకును తానే వెతికి తీసి, అందరి ముఖాలూ మాడిపోయేలా చేస్తుంది. ఈ రెండు సన్నివేశాలతోనే 2013 నాటి హాలీవుడ్ సినిమా ‘ది హీట్’ తన కథానాయికలిద్దరినీ మనకు పూర్తిగా పరిచయం చేస్తుంది. ఒకరు నిబంధనల పుస్తకాన్ని కంఠతా పట్టిన మనిషి, మరొకరు ఆ పుస్తకాన్ని ఎన్నడూ తెరిచి చూడని మనిషి. ఇద్దరూ పనిలో దిట్టలే, ఇద్దరినీ తోటివారు భరించలేరు. పాల్ ఫీగ్ దర్శకత్వం వహించిన ఈ సినిమాను ఇటీవల మళ్లీ చూశాను. మొదటిసారి కడుపుబ్బ నవ్వించిన చోట్లలో కొన్ని ఈసారి నన్ను ఇబ్బంది పెట్టాయి, అప్పుడు తేలిగ్గా దాటిపోయిన చోట్లు కొన్ని ఈసారి గుండెకు తగిలాయి.

కథ చిన్నదే. పదోన్నతి మీద కన్నేసిన ఆష్‌బర్న్‌కు ఆమె పై అధికారి మొహమాటం లేకుండా ఒక మాట చెబుతాడు: పనితనం గురించి ఎవరికీ అనుమానం లేదు గానీ, తోటివారెవరూ ఆమెను ఇష్టపడరు. ఎవరికీ ముఖం చూపించని లార్కిన్ అనే మాదకద్రవ్యాల ముఠా నాయకుడి ఆచూకీ తీయమని ఆమెను న్యూయార్క్ నుంచి బోస్టన్‌కు పంపుతాడు. అక్కడ ఆమె ప్రశ్నించాలనుకున్న నిందితుడు మల్లిన్స్ పుచ్చకాయతో పట్టుకున్నవాడే. తన పేటలో, తన స్టేషన్‌లో, తన నిందితుడిని పై ఊరి నుంచి వచ్చిన దొరసాని ముందుగా ప్రశ్నించడం మల్లిన్స్‌కు ఒళ్లు మండిపోయే విషయం. ఇక అక్కడి నుంచి ఇద్దరూ ఒకే కారులో తిరగక తప్పని పరిస్థితి.

నిజం చెప్పాలంటే లార్కిన్ కేసులో పెద్ద పస లేదు. ఆధారం వెంట ఆధారం దొరుకుతూ పోతుంది, గోదాములో బంధిస్తారు, తప్పించుకుంటారు, ఆసుపత్రిలో ఆఖరి పోరాటం జరుగుతుంది. అసలు లార్కిన్ ఎవరో నేను ఇక్కడ చెప్పను గానీ, పోలీసు సినిమాలు నాలుగు చూసినవారు ఆ ముసుగు తొలగకముందే ఊహించగలరు. 117 నిమిషాల నిడివిలో కనీసం ఒక పావుగంట తగ్గించి ఉంటే కథ మరింత బిగువుగా నడిచేది. అయినా ఈ సినిమాను మళ్లీ మళ్లీ చూడాలనిపించడానికి కారణం ఆష్‌బర్న్‌గా సాండ్రా బుల్లక్, మల్లిన్స్‌గా మెలిస్సా మెకార్తీల మధ్య కుదిరిన లయ. బుల్లక్ అప్పటికే ఉత్తమ నటిగా ఆస్కార్ అందుకున్న తార. మెకార్తీ అంతకు రెండేళ్ల ముందు, 2011లో వచ్చిన ఇదే దర్శకుడి ‘బ్రైడ్స్‌మెయిడ్స్’తో సహాయ నటి విభాగంలో ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లిన హాస్యనటి. ఇక్కడ బుల్లక్ వెనక్కి తగ్గి, బిగుసుకుపోయిన భుజాలతో, సరిగ్గా పలికే మాటలతో ఎదుటివారి విసురుకు గోడలా నిలబడుతుంది. ఆ గోడ లేకపోతే మెకార్తీ విసిరే బంతి తిరిగి వచ్చేదే కాదు. హాస్యంలో ఎదురు నిలిచే పాత్ర ఎంత కష్టమో తెలిసినవారు బుల్లక్ పనిని తక్కువగా అంచనా వేయరు.

దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ స్టేషన్ దగ్గరి సన్నివేశం. తన పార్కింగ్ చోటును ఆష్‌బర్న్ కారు ఆక్రమించడంతో మల్లిన్స్ తన డొక్కు కారును ఇరుకులో ఎలాగోలా దూరుస్తుంది. తలుపు తెరవడానికి చోటుండదు. కిటికీలోంచి బయటపడటానికి ఆమె పడే అవస్థను కెమెరా కంగారు లేకుండా, మధ్యలో కోయకుండా చూపిస్తుంది. ఆ కోపంతోనే లోపలికి వచ్చి, తన నిందితుడిని పరాయివారికి అప్పగించిన కెప్టెన్ మగతనం ఎక్కడో పడిపోయిందని స్టేషనంతా వెతకడం మొదలుపెడుతుంది. అది ఎంత ఉంటుందో వేళ్లతో కొలిచి చూపిస్తూ, ఎవరికైనా కనిపించిందా అని ఒక్కొక్కరినీ అడుగుతుంది. మాట మోటే. కానీ దాని వెనకాల, కష్టపడి పట్టుకున్న కేసును చేతిలోంచి లాక్కున్నప్పుడు ఏ ఉద్యోగికైనా కలిగే మంట ఉంది, అందుకే ఆ హాస్యం గాలిలో తేలిపోదు.

మరో ముఖ్యమైన సన్నివేశం మల్లిన్స్ పుట్టింటిది. తల్లి, అన్నదమ్ములు, వాళ్ల వెంట వచ్చిన అమ్మాయిలు అందరూ ఒకేసారి అరుస్తుంటారు. వాళ్లది మాట చివర ‘ర’కారాన్ని మింగేసే బోస్టన్ కార్మికవాడల యాస. ‘నువ్వు నార్కువా?’ అని ఆష్‌బర్న్‌ను అడిగినప్పుడు, అంటే మాదకద్రవ్యాల విభాగం పోలీసువా అని అడిగినప్పుడు, ఆ పదం వాళ్ల నోట ‘నాక్’ అయిపోతుంది. ఆమెకు అర్థం కాదు, వాళ్లు మళ్లీ అంటారు, ఆమె మళ్లీ అయోమయంగా చూస్తుంది. ఒకే భాష మాట్లాడేవారి మధ్య యాస ఎంత గోడ కట్టగలదో మనకు ఎవరూ వివరించనక్కర్లేదు. ఉపశీర్షికలతో చూసేవారికి ఈ హాస్యంలో సగం చేజారిపోతుంది కాబట్టి, ఆ చోట చదవడం ఆపి చెవులతో వినండని నా సలహా.

ఆ గోలలోనే అసలు విషయం బయటపడుతుంది. ఇంట్లోవాళ్లు మల్లిన్స్‌ను చూస్తేనే మండిపడటానికి కారణం, డ్రగ్స్ ఊబిలో కూరుకుపోతున్న సొంత తమ్ముడు జేసన్‌ను ఆమే అరెస్టు చేసి జైలుకు పంపడం. వాడు ప్రాణాలతో మిగలడానికి అంతకన్నా మార్గం లేదని ఆమె నమ్మింది, కుటుంబం దాన్ని ద్రోహంగా లెక్కగట్టింది. తన గదిలోని ఫ్రిజ్‌లో తిండికి బదులు తుపాకులూ గ్రెనేడ్లూ పేర్చుకున్న ఈ మనిషి ఎందుకంత గట్టిపడిపోయిందో అప్పుడు మనకు తెలుస్తుంది. ఆష్‌బర్న్ సంగతీ అంతే. తల్లిదండ్రులు లేక ఇతరుల ఇళ్లలో పెరిగిన పిల్ల ఆమె. చెప్పుకోవడానికి ఒక స్నేహితురాలు లేదు. తనదని చెప్పుకునే పిల్లి కూడా నిజానికి పొరుగువారిది. కేటీ డిప్పోల్డ్ రాసిన ఈ కథలో ఇద్దరి ఒంటరితనాలకూ మూలం ఒకటే, పనిలో రాజీపడకపోవడం. ఆ సంగతిని ఉపన్యాసంగా చెప్పకుండా, బారులో ఇద్దరూ తప్పతాగి, ముఖాలకు టేపు అంటించుకుని, ముసలివాళ్లతో చిందులేసే రాత్రిలో కలిపేశారు. తెల్లారేసరికి ఆష్‌బర్న్ తన కారునే ఎవరికో ఇచ్చేసిందని తెలుస్తుంది, ఆ తర్వాత ఆ కారుకు ఏమైందో చూసి తెలుసుకోవాల్సిందే.

ఖాకీ వేసిన కథానాయిక తెలుగువారికి కొత్త కాదు. 1990లో ‘కర్తవ్యం’ చూసిన తరానికి విజయశాంతి ఠీవి ఇప్పటికీ కళ్లముందే ఉంటుంది, ఆ నటనకు జాతీయ పురస్కారమూ దక్కింది. అయితే మన తెరమీద పోలీసు అయిన స్త్రీ ఎక్కువగా ఒంటరిగా నిలబడాలి, మచ్చలేకుండా ఉండాలి, అన్యాయం మీద నిప్పులు చెరగాలి. తప్పు చేయడానికి, తాగి తూలడానికి, తెలివితక్కువ పని చేసి నాలుక కరుచుకోవడానికి వీలున్న వేషాలు మాత్రం మగవాళ్లకే మిగిలేవి. ‘ది హీట్’ నాకు విలువైనదిగా కనిపించడానికి ఇదొక కారణం. ఈ ఇద్దరూ గౌరవం పోగొట్టుకుంటారు, పంతాలకు పోతారు, ఒకరినొకరు నానా మాటలూ అంటారు, అయినా సమర్థులుగానే ఉంటారు. వీరిలో ఎవరినీ చివరికి పెళ్లి పీటల దగ్గరికి నడిపించలేదు. ఆష్‌బర్న్‌ను ఇష్టపడే సహోద్యోగి ఒకడున్నా, అతన్ని కథ పక్కనే ఉంచింది. 4 కోట్ల 30 లక్షల డాలర్లతో తీసిన ఈ సినిమా ప్రపంచవ్యాప్తంగా సుమారు 23 కోట్ల డాలర్లు రాబట్టింది. ఇద్దరు ఆడవాళ్ల పోలీసు హాస్యానికి టికెట్లు ఎవరు కొంటారని సందేహించేవారికి ఆ అంకెలు చూపించవచ్చు.

ఇక నన్ను ఇబ్బంది పెట్టినవి. డ్రగ్స్ నిరోధక విభాగంలో క్రెయిగ్ అనే అధికారి ఉంటాడు. ఒంట్లో రంగు లేకుండా పుట్టినవాడు. అతని చర్మాన్నీ కళ్లనూ మల్లిన్స్ అదేపనిగా ఎగతాళి చేస్తుంది, అతని రూపాన్ని చూసే అతన్ని అనుమానిస్తుంది. ఆ అనుమానం ఎటు దారితీసిందన్నది పక్కన పెడితే, పుట్టుకతో వచ్చిన లక్షణం మీద ఒకటికి పదిసార్లు నవ్వమని ప్రేక్షకుడిని అడగడం నాకు మింగుడుపడలేదు. అలాంటి పిల్లలున్న ఇళ్లలో ఆ మాటలు ఎలా వినిపిస్తాయో రచయిత్రి, దర్శకుడు ఒక్కసారి ఆలోచించి ఉండాల్సింది. నిందితుడి మీద తుపాకీ గురిపెట్టి అతని ప్రాణాలతో చెలగాటమాడటం, మేడమీది నుంచి తలకిందులుగా వేలాడదీయడం వంటివి కూడా నవ్వులాటగానే సాగిపోతాయి. కస్టడీలో దెబ్బలు తినేవారికి అది నవ్వులాట కాదు. మన సినిమాల్లోనూ ఇలాంటి చోట్ల ఈలలు పడతాయి గనుక, ఇది వాళ్ల దోషమని మాత్రమే అనలేను. అయినా దోషం దోషమే.

రక్తం చూడలేనివారికి మరో హెచ్చరిక. హోటల్లో గొంతుకు ముద్ద అడ్డుపడిన మనిషిని కాపాడతానంటూ ఆష్‌బర్న్ కత్తితో గొంతు కోసే సన్నివేశం నాకు నవ్వు కన్నా జుగుప్సే ఎక్కువ కలిగించింది. అదే కత్తి, అదే రక్తం గోదాము సన్నివేశంలో మాత్రం అద్భుతంగా పనిచేశాయి. కుర్చీలకు కట్టేసిన ఇద్దరిలో ఆష్‌బర్న్ తొడలో దుండగుడు కత్తి దించి బయటికి వెళతాడు. కట్లు తెంచుకోవడానికి మల్లిన్స్ ఆ కత్తినే లాగుతుంది. పని పూర్తికాకముందే అడుగుల చప్పుడు వినిపించడంతో, దాన్ని మళ్లీ అదే చోట గుచ్చక తప్పదు. నొప్పి, భయం, నవ్వు, ఇద్దరి మధ్య అప్పుడప్పుడే పుట్టిన నమ్మకం అన్నీ ఆ ఒక్క పనిలో ఇమిడిపోయాయి. మొదటి సన్నివేశంలో హాస్యం పాత్రకు బయట నుంచి వచ్చింది, రెండోదానిలో ఇద్దరి బంధంలోంచి పుట్టింది. తేడా అక్కడే ఉందని నాకనిపించింది.

ఈ సినిమాకు అమెరికాలో ‘ఆర్’ సర్టిఫికెట్ ఇచ్చారు, అంటే పదిహేడేళ్ల లోపువారు పెద్దల తోడుతోనే చూడాలి. బూతులు ధారాళంగా వినిపిస్తాయి కాబట్టి పిల్లలతోనూ, పెద్దవాళ్లతోనూ కలిసి కూర్చుని చూడదగినది కాదు. అక్కాచెల్లెళ్లు, స్నేహితురాళ్లు కలిసి చూస్తే దీని రుచి బాగా తెలుస్తుంది. ముఖ్యంగా చివరి పది నిమిషాలను తొందరపడి ఆపేయకండి. కేసు ముగిశాక మల్లిన్స్ ఫోను చేసి, హైస్కూలు నాటి ఇయర్‌బుక్ (తోటి విద్యార్థుల ఫొటోలూ, వాళ్లు రాసిచ్చిన మాటలూ ఉండే పుస్తకం) తెరిచి చూడమని ఆష్‌బర్న్‌కు చెబుతుంది. పరాయి ఇళ్లలో పెరిగిన ఆ అమ్మాయికి ఇప్పుడొక తోబుట్టువు ఉందని అందులో మల్లిన్స్ రాసి ఉంటుంది. అంతవరకు భుజాలు బిగించుకునే తిరిగిన బుల్లక్ ఆ రాతను చదివినప్పుడు ఆమె ముఖంలో కదిలే మార్పును గమనించండి. ఆ తర్వాత మల్లిన్స్ అక్కడితో ఆగక, స్నేహితురాలు బెంగపెట్టుకుని ఉంటుందని, ఆమె పిల్లిని కూడా పనిగట్టుకుని తెచ్చి అప్పగిస్తుంది. అది పొరుగువారి పిల్లి అని ఇప్పుడు ఆష్‌బర్న్ చెప్పాలి.