నురగ మోడలింగ్‌కు ఏది మేలు: ఇంప్లిసిట్ టెక్స్చరా, పాపులేషన్ బ్యాలెన్సా?

హైదరాబాద్‌లో ఎంటెక్ ప్రాజెక్టుకు ఈ అంశం తీసుకున్నవాళ్లయినా, హైటెక్ సిటీ ఆఫీసుల్లో చమురు నిక్షేపాల (రిజర్వాయర్) సిమ్యులేషన్ చేసేవాళ్లయినా తిప్పితిప్పి అడిగేది ఇదే. చమురును నెట్టడానికి రాతిలోకి పంపిన గ్యాస్ దూసుకుపోకుండా నురగ ఎలా అడ్డుకుంటుందో తెలిసినవాళ్లే కాబట్టి నేరుగా విషయానికి వద్దాం.

పాపులేషన్ బ్యాలెన్స్‌లో బుడగల సాంద్రతకు వేరే సమీకరణం ఉంటుంది. బుడగల మధ్య ఎన్ని పొరలు పుట్టాయి, ఎన్ని చితికాయి, ఎన్ని రాతిలో ఇరుక్కున్నాయి, అన్నీ లెక్కలోకి వస్తాయి. పీడన ప్రవణత ఒక హద్దు దాటితే గానీ గట్టి నురగ పుట్టదన్న సంగతి దీంతో పట్టుబడుతుంది. ఇంప్లిసిట్ టెక్స్చర్‌కు ఆ గొడవ లేదు. గ్యాస్, నీరు, సర్ఫాక్టెంట్ (నురగ పుట్టించే సబ్బులాంటి రసాయనం) కలిసిన చోట నురగ అప్పటికే సమతాస్థితిలో ఉందనుకుని, గ్యాస్ సాపేక్ష పారగమ్యతను (నీటితో కలిసి ఉన్నప్పుడు రాతిలో గ్యాస్ ఎంత సులువుగా పారుతుందన్న కొలతను) ఒక గుణకంతో తగ్గిస్తుంది. సీఎంజీ కంపెనీ సిమ్యులేటర్ స్టార్స్‌లో ఉన్న నురగ మోడల్ ఇలాంటిదే.

భౌతికశాస్త్రపరంగా మొదటిదే గొప్పది. అయినా నా మొగ్గు రెండోదాని వైపే, కారణం డేటా. ల్యాబ్‌లో కోర్ (రాతి నమూనా) మీద స్థిరపడిన పీడన తేడా ఒక్కటే కొలిస్తే పుట్టుక రేటు, చితికే రేటు విడివిడిగా తేలవు. వాటి నిష్పత్తే తేలుతుంది, మిగతాది ఊహ.

ఇంప్లిసిట్‌కు ఒక మంచి క్వాలిటీ స్కాన్ చాలావరకు సరిపోతుంది (క్వాలిటీ అంటే నురగలో గ్యాస్ వాటా). మొత్తం ప్రవాహ రేటును మార్చకుండా గ్యాస్ వాటాను 0.3 నుంచి 0.95 దాకా మెట్లుమెట్లుగా పెంచండి. ప్రతి మెట్టులో పీడనం కుదురుకునేదాకా ఆగండి. కోర్ నడిమి భాగంలోనే కొలవండి: ఇన్లెట్ దగ్గర నురగ ఇంకా తయారవుతూ ఉంటుంది, ఔట్‌లెట్ దగ్గర నీరు పేరుకుంటుంది. అపారెంట్ విస్కాసిటీ (పీడన తేడాను బట్టి నురగ ఎంత చిక్కగా పారుతున్నట్టు కనిపిస్తుందో ఆ విలువ) శిఖరం 0.9 క్వాలిటీ దగ్గర 200 సెంటిపాయిజ్ వచ్చిందనుకోండి. నీటి వాటా 0.1, నీటి విస్కాసిటీ 1 సెంటిపాయిజ్ కాబట్టి 0.1ని 200తో భాగిస్తే నీటి సాపేక్ష పారగమ్యత 0.0005. కోరీ వక్రంలో (సంతృప్తతను సాపేక్ష పారగమ్యతతో ముడిపెట్టే సూత్రంలో) ఎండ్‌పాయింట్, అంటే గరిష్ఠ విలువ, 0.2, ఘాతం 4.2, కదలని నీరు 0.2, మిగులు గ్యాస్ 0.2 అయితే నీటి సంతృప్తత (రాతి రంధ్రాల్లో నీటి వాటా) సుమారు 0.34. అదే ఎఫ్ఎండ్రై, అంటే అంతకంటే నీరు తగ్గితే నురగ చితికే హద్దు. ఆ తర్వాత శిఖరం ఎత్తుకు సరిపోయేలా ఎఫ్ఎంమాబ్‌ను (గ్యాస్ కదలికను నురగ గరిష్ఠంగా ఎన్ని రెట్లు తగ్గిస్తుందో చెప్పే సంఖ్యను) పట్టుకోవాలి. వేరే రాతి నుంచి అరువు తెచ్చిన కోరీ వక్రంతో ఈ లెక్క చేస్తే ఎఫ్ఎండ్రై మొదటే తప్పుతుంది.

ఎక్కువ మంది బోల్తాపడేది గ్యాస్ కొలత దగ్గర. గ్యాస్ పంపే మాస్ ఫ్లో కంట్రోలర్ చూపేది ప్రామాణిక పరిస్థితుల (సుమారు 1 బార్ పీడనం) ఘనపరిమాణం. బ్యాక్ ప్రెషర్ (ఔట్‌లెట్ దగ్గర నిలిపి ఉంచే పీడనం) 20 బార్ ఉంటే అక్కడి 10 మిల్లీలీటర్లు కోర్‌లో దాదాపు అర మిల్లీలీటరే. నీరు 0.1 మిల్లీలీటరు పోతుంటే, 0.99 అని రాసుకున్న క్వాలిటీ నిజానికి 0.83. మన మే నెల ఎండల్లో గది వేడి పగలొకలా రాత్రొకలా ఉంటుంది కాబట్టి కోర్‌ను ఓవెన్‌లో, గది కంటే ఎక్కువ వేడిలో ఉంచాలి.

ఇంప్లిసిట్‌లో నిజమైన లోపం నీరు తగ్గినప్పుడు నురగ బలాన్ని తగ్గించే ఆర్క్‌టాన్ పదంలో ఉంది, అది ఎప్పటికీ సున్నా కాదు. ఎఫ్ఎంమాబ్ 50,000, ఈపీడ్రై (నురగ ఎంత హఠాత్తుగా చితుకుతుందో చెప్పే సంఖ్య) 500 పెట్టి, నీటి సంతృప్తత ఎఫ్ఎండ్రై కంటే 0.1 తగ్గినా గ్యాస్ మొబిలిటీ ఇంకా 300 రెట్లకు పైగా తక్కువే ఉంటుంది. చచ్చిపోవాల్సిన నురగ బతికే ఉందన్నమాట. సర్ఫాక్టెంట్, గ్యాస్ మార్చిమార్చి పంపే పద్ధతిలో బావి చుట్టూ రాయి ఇలాగే ఎండిపోతుంది, అందుకే సిమ్యులేటర్‌లో ఇంజెక్షన్ పీడనం ఉన్నదానికంటే ఎక్కువగా వస్తుంది. ఈపీడ్రైని 20,000 చేస్తే ఆ తగ్గుదల 9 రెట్లకు దిగుతుంది, కానీ టైమ్‌స్టెప్ (లెక్కలో ఒక్కో అడుగు కాలం) బాగా చిన్నదైపోతుంది, పీడనం ఊగుతుంది. బావి పక్కన పెద్ద గ్రిడ్ గడులు వాడితే ఈ తప్పు ఇంకా పెరుగుతుంది. అక్కడ సన్నని రేడియల్ గ్రిడ్ తప్పనిసరి.

ఫ్రాక్షనల్ ఫ్లో పద్ధతి (ప్రవాహంలో నీటి వాటాను బట్టి చేసే సులువైన లెక్క) సిమ్యులేటర్ జవాబును సరిచూసుకోవడానికి బాగుంటుంది, రాతి రంధ్రాలను వలలా చూపే పోర్ నెట్‌వర్క్ మోడల్ పరిశోధనకే. చమురు ప్రభావం మాత్రం ఏ మోడల్‌తోనూ ఊరికే రాదు, చమురున్న కోర్ మీదే విడిగా పరీక్షించాలి.

నురగ అసలు పుడుతుందా, బావి నుంచి ఎంత దూరం నడుస్తుంది అన్నదే మీ ప్రశ్న అయితే పాపులేషన్ బ్యాలెన్స్ తప్పదు. అప్పుడు కోర్ పొడవునా కనీసం నాలుగు పీడన ట్యాప్‌లు పెట్టి, నురగ ముందుకు జరుగుతున్నంతసేపూ రికార్డు చేయించండి. స్థిరపడ్డాక తీసిన రీడింగులు ఆ పనికి అక్కరకు రావు.