కారవాన్ ఫ్లోరు ఇన్సులేషన్: అడుగు మూయకముందే చూసుకోండి

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో కారవాన్ ట్రైలర్లకు (బండి వెనుక తగిలించి లాగే చక్రాల ఇళ్ళకు) ఫ్లోరు ఇన్సులేషన్, అంటే అడుగు నుంచి వేడి, చలి రాకుండా ఆపే పొర, చేయించదలచినవారు, అడ్వాన్సు ఇచ్చే ముందు నాకు జరిగిన నష్టాన్ని దయచేసి చదవండి.

పుత్తూరు దగ్గర మా మామిడితోటలో నిలిపి ఉంచిన ట్రైలర్‌లో ఏసీ నడపడానికి జనరేటర్ డీజిల్ విపరీతంగా ఖర్చవుతుండడంతో, గత ఏప్రిల్‌లో తిరుపతి శివార్లలోని ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డులో ఈ పని చేయించాను. 50 మిల్లీమీటర్ల ఎక్స్‌పీఎస్ బోర్డు (వేడిని ఆపే గట్టి నురుగు పలక), దానిపైన ఐఎస్ 710 ప్రమాణపు, నీటిని తట్టుకునే మెరైన్ ప్లైవుడ్ వేస్తామని నోటిమాటగా ఒప్పుకొని, బిల్లులో మాత్రం ‘ఫుల్ ఫ్లోర్ ఇన్సులేషన్’ అని ఒక్క ముక్క రాసిచ్చారు.

వేసవి గడిచినా డీజిల్ వాడకం తగ్గలేదు. కార్తీకమాసపు వానలకు ఫ్లోరు ఉబ్బి, అడుగు వేసినచోటల్లా కుంగుతుంటే విప్పించి చూశాము. బోర్డు జాడే లేదు. కింది రేకుకూ మామూలు కమర్షియల్ ప్లైవుడ్‌కూ మధ్య బుడగల వెండిరంగు షీటు అతికించి, అంచుల్లో థర్మోకోల్ ముక్కలు కుక్కారు. ఆ షీటు వేడిని తిప్పికొట్టాలంటే దాని మెరిసే ముఖానికి ఎదురుగా కొంత గాలి ఖాళీ ఉండి తీరాలి. రెండింటి నడుమ నొక్కి అతికిస్తే దానివల్ల ఒరిగేది దాదాపు ఏమీ లేదు. పైగా రబ్బరు జిగురులోని ద్రావకం థర్మోకోల్‌ను కరిగించి గుంటలు చేయగా, రేకు అతుకుల గుండా వచ్చిన నీరు వాటిలో నిలిచి ప్లైవుడ్‌ను కుళ్ళబెట్టింది.

ఫ్లోరు ఒక్కటే చేయిస్తే ఏసీ ఖర్చు సగానికి తగ్గుతుందని ఎవరు చెప్పినా నమ్మకండి. మన ఎండలకు లోపలికి వచ్చే వేడిలో ఎక్కువ భాగం పైకప్పు, గోడలు, అద్దాల నుంచే వస్తుంది కాబట్టి డబ్బు ముందు అక్కడ పెట్టాలి. హార్స్‌లీ కొండపై చలిరాత్రులు గడిపేవారికైతే ఫ్లోరు ఇన్సులేషన్ విలువ పాదాలకే తెలుస్తుంది. బోర్డు వేయించినా, దాన్ని ఛాసిస్ (ట్రైలర్ అడుగు ఇనుప చట్రం) అడ్డకమ్మీల మధ్య మాత్రమే అమర్చి వదిలేస్తే ఇనుము గుండా వేడి వస్తూనే ఉంటుంది కనుక, కమ్మీల మీదుగా కూడా ఒక పొర పరిపించండి.

బిల్లులో బోర్డు పేరు, మందం, ప్లైవుడ్ ఐఎస్ నంబరు రాయించుకోండి. అడుగు మూసే రోజున స్వయంగా వెళ్ళి, స్కేలుతో కొలిచి, ఫొటోలు తీసుకోండి. ఆ వివరాలేవీ నా బిల్లులో లేకపోవడం వల్లనే షెడ్డు యజమాని నా మాట కొట్టిపారేయగలిగారు. విప్పిన ముక్కలను పారేయకుండా దాచాను. రెండేళ్ళ గడువు దాటకముందే వాటి ఫొటోలతో జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయబోతున్నాను.