సింబ్రీఫ్: దారి మనం ఎంచుకోవాలి, ఖర్చు అది చెబుతుంది

ఇంట్లో కంప్యూటర్‌పై విమానాలు నడిపే సరదా ఉన్నవారికి సింబ్రీఫ్ పరిచయమే. స్వీడన్‌కు చెందిన నావిగ్రాఫ్ సంస్థ నడుపుతున్న ఈ ఉచిత వెబ్ సేవకు విమానాశ్రయాల పేర్లు, విమానం రకం ఇస్తే, ఆనాటి గాలుల అంచనాలను లెక్కలోకి తీసుకుని, విమానయాన సంస్థల్లో డిస్పాచర్లు (ప్రయాణానికి దారి, ఇంధనం లెక్కలు వేసే సిబ్బంది) తయారుచేసే తరహాలోనే పూర్తి ఫ్లైట్ ప్లాన్ చేతికిస్తుంది.

ఇందులో నాకు బాగా నచ్చినది కాస్ట్ ఇండెక్స్. ఎయిర్‌బస్ విమానాల్లో ఇది, ఒక నిమిషం కలిసిరావడానికి ఎన్ని కిలోల ఇంధనం అదనంగా కాల్చినా ఫర్వాలేదో చెప్పే అంకె. ఏ320కి సున్నా ఇస్తే ఇంధనం పొదుపే లక్ష్యంగా నింపాదిగా సాగుతుంది. 999 ఇస్తే ఖర్చు చూడకుండా వేగపు హద్దుల దాకా వెళుతుంది. ఎత్తు 2000 అడుగులు పెంచినా తగ్గించినా, ఇండెక్స్ మార్చినా, బరువు 1000 కిలోలు పెరిగినా ఇంధనం లెక్క ఎంత మారుతుందో ప్లాన్‌లోనే కనిపిస్తుంది. ఎందుకైనా మంచిదని నింపిన అదనపు ఇంధనంలో కొంత దాన్ని మోయడానికే ఖర్చయిపోతుందన్న సంగతి అక్కడ కిలోలతో సహా తేలుతుంది.

శీతాకాలంలో హైదరాబాద్ నుంచి లండన్‌కు ప్లాన్ వేసి, అందులోని మూడు దూరాలను పక్కపక్కన చూడండి. మొదటిది భూగోళంపై రెండు ఊళ్ల మధ్య అతి తక్కువ దూరం, రెండోది ఎంచుకున్న దారి పొడవు, మూడోది గాలుల ప్రభావాన్ని కూడా కలిపితే గాలిని చీల్చుకుంటూ విమానం ఎగరవలసిన దూరం. పడమటి ఎదురుగాలుల వల్ల వెళ్లేటప్పుడు మూడోది రెండోదాన్ని మించిపోతుంది, వచ్చేటప్పుడు తగ్గుతుంది. కాబట్టి పొడవు కాస్త ఎక్కువైనా ఎదురుగాలి తక్కువగా ఉన్న దారే ఒక్కోసారి చవక.

సింబ్రీఫ్ సూచించిన దారిని తీసుకోవచ్చు, లేదా కొట్టేసి సొంతంగా రాసుకోవచ్చు. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలాన్ని భారత విమానాలకు మూసివేసింది కదా, ఢిల్లీ–లండన్ దారిని అరేబియా సముద్రం మీదుగా మళ్లించి రాస్తే ఆ చుట్టుదారి ఖరీదు వెంటనే తెలుస్తుంది. అయితే దిగే ముందు ఆకాశంలో చక్కర్లు కొట్టించే రద్దీని ఏ ప్లానూ ముందుగా చెప్పలేదు. దానికి అదనపు ఇంధనం మనమే వేసుకోవాలి.

ఇది సిమ్యులేటర్లకే తప్ప నిజమైన విమానాలకు కాదు. ఉచితంగా వాడేవారికి దారుల సమాచారం పాతది వస్తుంది. 28 రోజులకోసారి మారే తాజా సమాచారానికి చందా కట్టాలి. ఇంటర్నెట్‌లో ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ల పాత్ర పోషించే ఔత్సాహికుల సూచనలతో ఎగరనివారికి ఆ చందా అక్కర్లేదు.